మా మర్యాదకో రిఫరెన్సు

భాష మీద పరిశోధన చేస్తానని ఇంట్లో చెప్పినప్పుడు బాపు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ భాష?" అని. తెలుగు అన్నాను. "అది నీకొచ్చు గద బిడ్డా, మళ్ళ గదేం సదువు?" అన్నాడు. నిజామాబాద్ బజార్లో కూరగాయలు అమ్మే మనిషి ఆయన. వచ్చినదాన్నే మళ్ళీ నేర్చుకోవడం ఆయన దృష్టిలో శుద్ధ దండగ. అప్పుడు నవ్వాను గానీ, ఆ తర్వాత రిఫరెన్సుల కోసం నేను తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఆయన మాటే నయమనిపిస్తుంది.

నా విషయం పెద్దదేమీ కాదు. బోధన్ చుట్టుపక్కల చెరుకు ఊళ్ళలో మా వాళ్ళు ఎలా మాట్లాడతారో రాయాలి. మా వాళ్ళంటే చెరుకు కొట్టినవాళ్ళు, బండ్లు తోలినవాళ్ళు. మా అవ్వ వాళ్ళలో ఒకతి. మా వైపు అమ్మనే అవ్వ అంటాం. హాస్టల్లో కోస్తా అమ్మాయిలు "మీ నానమ్మ ఫోన్ చేసిందే" అని కేకేసేవాళ్ళు. సరిదిద్దే ఓపిక లేక అలాగే వెళ్ళి మాట్లాడేదాన్ని. రుద్రూర్ వైపు ఒక ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచి, మేం నిజామాబాద్ చేరేదాకా అవ్వ చెరుకు తోటల్లోనే పనిచేసింది. డేటా మా వంటింట్లోనే తిరుగుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఎంత అమాయకురాలిని!

"డేటాదేముందమ్మా, ఎవరికైనా దొరుకుతుంది. రిఫరెన్సు ఏదీ?" అన్నారు మా గైడు సార్. నేను కొత్తగా చెప్పే ప్రతి మాటా ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలట. ఎవరూ చెప్పకపోతే అది నా సొంత అభిప్రాయమట. సొంత అభిప్రాయాలు ఇంట్లో పెట్టుకోవాలట. ఇదీ మా శాఖలో పరిశోధన అంటే.

సరే, రిఫరెన్సుల వేట మొదలుపెట్టాను. ముందు ఊళ్ళో లైబ్రరీ. కౌంటర్ దగ్గరున్నాయనను భాషాశాస్త్రం పుస్తకాలు ఎక్కడున్నాయన్నా అని అడిగితే, నన్ను ఎగాదిగా చూసి, "గ్రూప్స్‌కా, డీఎస్సీకా?" అన్నాడు. రెండిటికీ కాదు, పరిశోధనకు అన్నాను. "గసువంటి పోస్టు పడ్డదా? నోటిఫికేషన్ ఎప్పుడొచ్చింది?" అని ఆశగా అడిగాడు పాపం. భాషాశాస్త్రం అని పెయింటుతో రాసిన అరలో వాస్తు పుస్తకాలున్నాయి. రెండూ శాస్త్రాలే కదా అని సర్దుకున్నాను. ఆ హాల్లో లైబ్రరీ పుస్తకం కోసం వచ్చింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా ఇంటి నుంచి గైడ్లు మోసుకొచ్చి ఫ్యాను కింద చోటు పట్టుకున్నవాళ్ళు. నేను అరలు వెతుకుతుంటే చప్పుడు చేస్తున్నానని కసురుకున్నారు.

తర్వాత ఫోన్‌ను అడిగాను. ఈ రోజుల్లో దానికి తెలియనిది లేదు కదా. క్షణంలో పుస్తకం పేరు, రాసినాయన పేరు, పేజీ నంబరుతో సహా ఇచ్చింది. ఆనందంతో ఎగిరి గంతేసి వెతికితే, అలాంటి పుస్తకమూ లేదు, అలాంటి మనిషీ పుట్టలేదు. దాని ధైర్యానికి దండం పెట్టాను. అందులో సగం నాకున్నా ఈపాటికి నా పేరు ముందు డాక్టర్ ఉండేది.

చివరికి నిజమైన వ్యాసాలు కొన్ని దొరికాయి. అన్నిట్లోనూ మా గురించి ఒకటే మాట: ఈ ప్రాంతపు కూలీజనం వాడుకలో గౌరవ రూపాలు లేవు, చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ 'వాడే'. చదివి ఒళ్ళు మండింది. ఎవరు చెప్పారయ్యా ఇది అని అడుగున చూస్తే ఇంకో వ్యాసం పేరుంది. ఆ వ్యాసం ఇంకోదాన్ని చూపించింది. అందరూ ఒకరి భుజం మీద నుంచి ఒకరు తొంగి చూసి రాసినవాళ్ళే. అలా పోగా పోగా అచ్చు కాని ఒక పాత సిద్ధాంత గ్రంథం దగ్గర దారి ఆగింది. అది రాసింది మా గైడు సార్‌కు గురువుగారు. ఆయన ఇప్పుడు లేరు. సార్ కుర్చీ వెనక గోడ మీద దండ వేసిన ఫొటోలో ఉన్నారు. నేను ఏ సందేహం అడిగినా సార్ ముందు అటు తిరిగి చూసి, తర్వాతే జవాబు చెప్పేవారు.

మా అవ్వ మాట వింటే ఆ వాక్యం నిలబడదని నాకు తెలుసు. అందుకే ఒక మధ్యాహ్నం ఫోన్ ఆమె ముందు పెట్టి మాట్లాడమన్నాను. అవ్వ ముందు మొహం కడుక్కొచ్చింది. పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. గొంతు సవరించుకుని, "నమస్కారము. మేము చెరకు పంటలో పని చేయుదుము" అని మొదలుపెట్టింది. వార్తలు చదివే అమ్మాయి కూడా అంత శుద్ధంగా చదవదు. రికార్డు చేస్తున్నప్పుడు మన మాట మాట్లాడకూడదని మా వైపు అందరికీ తెలుసు. చుట్టాల ముందు చిరిగిన చాప వేస్తామా? బతిమాలాను, బామాలాను, వినలేదు. అదృష్టం బాగుండి స్టవ్ మీద పాలు పొంగాయి. "అయ్యో, పాలు పొంగవట్టె!" అని ఉరికింది. తిరిగొచ్చాక వార్తల అమ్మాయి పోయి మా అవ్వ కూర్చుంది.

అప్పుడు మాట్లాడింది తన మామ గురించి. అంటే మా తాత. "మామ పొద్దుగాలనే చెరుకు బండి కట్టుకొని బోధన్ ఫ్యాక్టరీకి పోయేటోళ్ళు. ఆడ బండ్లు బారు కట్టి ఉండేవి. ఒక్కోపారి మర్నాడు గాని రాకపోయేటోళ్ళు. వచ్చిండ్రంటే నేను లేసి లోపలికి పోయేదాన్ని. ఎదురుంగ మాట్లాడేది లేకుండె గద. మామ ఒక చెరుకు గడ దాసి తెచ్చి, చెక్కు తీసి, ముక్కలు కొట్టి గూట్ల పెట్టేటోళ్ళు. నన్ను పిలిసేటోళ్ళు కాదు. పెట్టి దగ్గేటోళ్ళు. దగ్గు ఇనవడ్డదంటే గా ముక్కలు నాకే అన్నట్టు. అత్తకు గూడ తెల్వది." చెబుతూ చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు కోసం ఆ రికార్డింగును నేను ఎన్నిసార్లు విన్నానో. మామను తలుచుకున్న ప్రతిచోటా పోయేటోళ్ళు, వచ్చిండ్రు, పెట్టేటోళ్ళు. ఒక్కచోట కూడా తగ్గించి అనలేదు.

సార్ విన్నారు. తల పంకించారు. "మీ అమ్మగారు టీవీ చూస్తారా?" అన్నారు.

"సీరియళ్ళు చూస్తారు సార్."

"అదీ సంగతి. డేటా కలుషితమైపోయింది. ఈ గౌరవాలన్నీ సీరియళ్ళ నుంచి వచ్చినవి."

మా అవ్వ చూసే సీరియళ్ళలో కోడలు అత్తకు విషం పెడుతుంది సార్ అందామనుకున్నాను. మాట మింగేశాను. ఎందుకంటే నాకు గడువు అప్పటికే ఒకసారి పెంచారు. వచ్చే సమీక్షలో ఈ అధ్యాయం కమిటీ ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసి, బాపు పక్కన టమాటాలు తూచడమే. సార్ ఫొటో వైపు తిరిగి చూసి అన్నారు: "మా గురువుగారు బోధన్ దగ్గర క్యాంపులో మకాం వేసి మరీ రాశారు. ఆయనకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన ఇంకా ఉన్నారు. వెళ్ళి కలువు. క్షేత్రకార్యం అంటే ఏమిటో తెలుస్తుంది."

కాలువ నీళ్ళొచ్చిన కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతుల ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. మనవలు పుట్టారు, మేడలు లేచాయి, అయినా క్యాంపే. గుడారాలు ఎప్పుడు పీకుతారో మాకు తెలియదు. దారి తెలిసిన మనిషి కదా అని అవ్వను వెంటబెట్టుకుని బోధన్ బస్సెక్కాను. ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు తగ్గి, దారి పొడుగునా వరే కనిపించింది. అవ్వ కిటికీలోంచి చూస్తూ ఏ మడిలో తాను కలుపు తీసిందో చెప్పుకుంటూ వచ్చింది.

పెద్దాయన బంగారంలాంటి మనిషి. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. "రామ్మా రా, యూనివర్సిటీ అమ్మాయివా? ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ తాగండి" అని హడావుడి చేశాడు. అవ్వ వరండా గోడ పక్కన కింద కూర్చోబోతే, గొంతు మార్చి, "ఏమవ్వా, గా గోడ కాడ కూసుంటివేంది? కుర్సీల కూసో!" అన్నాడు. అని, ఎలా ఉంది నా తెలంగాణ అన్నట్టు నా వైపు చూశాడు.

"పర్వాలేదయ్యా, మీరు కూసోండ్రి" అంది అవ్వ, కిందే కూర్చుంటూ.

గురువుగారి పేరెత్తగానే ఆయన మొహం వెలిగిపోయింది. "మహానుభావుడు! మా ఇంట్లోనే దిగాడమ్మా. మంచి ఎండలు. చేలల్లోకి వెళ్ళి కూలీలతో మాట్లాడతానని ఒకటే పట్టు. వడదెబ్బ తగిలితే మా ఇంటికి మాట రాదూ? నేనే వెళ్ళనివ్వలేదు. ఎందుకండీ మీకు శ్రమ, వీళ్ళ భాష నాకు కొట్టిన పిండి, మీరడగండి, నేను చెబుతానన్నాను. ఇదిగో, ఈ వరండాలోనే కూర్చుని మొత్తం రాసుకున్నాడు. మా ఆవిడ రోజూ గారెలు వేసిపెట్టేది."

నాకు మజ్జిగ పొలమారింది. "మరి కూలీలతో అసలు మాట్లాడలేదాండీ?" అన్నాను.

"పిలిపించానమ్మా! వాళ్ళు నోరు విప్పితేగా? చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కడు పలకడే! ఇక నేనే చెప్పాను. వాళ్ళతో రోజూ వాళ్ళ భాషలోనే కదా మాట్లాడేది. 'ఏమ్రా, పొద్దెక్కింది, ఇంక బండి కట్టకపోతివి? నీ అయ్య యాడ సచ్చిండు? వాడు నిన్న ఎందుకు రాలే?' ఇలా!" ఆయన కళ్ళు మెరిశాయి. నిజంగానే బాగా మాట్లాడాడు. యాస ఎక్కడా తప్పలేదు.

"మరి వాళ్ళు మీతో ఎలా మాట్లాడేవారు?"

పెద్దాయన కాస్త ఆలోచించాడు. ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేదు. "ఏముందమ్మా, సరేనయ్యా అనేవాళ్ళు. అంతే" అన్నాడు. తర్వాత జాలిగా, "మంచివాళ్ళే పాపం. 'మీరు' అనే మాట మాత్రం వాళ్ళ భాషలో లేదు. అలవాటు లేదు. ఏమవ్వా, అంతేనా?" అని మా అవ్వను అడిగాడు.

"మీరు సెప్పినంక గంతే అయ్యా. మీకు తెల్వదా?" అంది అవ్వ వినయంగా.

నేను నవ్వుదామనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాకు మర్యాద లేదనడానికి ఆధారంగా ఇంతమంది పండితులు రాసుకున్న మాటలు మావి కావు. మాకు పని చెప్పిన మాటలు. పని చెప్పేవాడు వాడిన భాషను పని చేసేవాడి భాష అని రాసుకుని, గారెలు తిని వెళ్ళిపోయాడు ఆ మహానుభావుడు.

తిరుగు బస్సులో అవ్వ మీద విరుచుకుపడ్డాను. "ఎందుకట్ల అన్నవ్ అవ్వా? మనకు మర్యాద లేదా?"

"పెద్దమనిషి. ఇంటికి పోతే మజ్జిగిచ్చిండ్రు. ఎదురు మాట్లాడితే మర్యాదనా?" అంది. ఇక నేనేం మాట్లాడతాను!

మర్నాడే సార్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. సార్ చాలాసేపు పేపర్ వెయిట్ తిప్పారు. "గురువుగారు పొరపాటు రాశారని ఇంతకుముందు ఎవరైనా అచ్చులో రాశారా?" అన్నారు.

"లేదు సార్. నేనే రాస్తాను."

"నీ రాతకు రిఫరెన్సు?"

ఆయన దగ్గర పరిష్కారం కూడా ఉంది. గ్రంథంతో సరిపోయే రికార్డింగు ఒకటి తెచ్చుకుంటే కమిటీలో గొడవ ఉండదట. టీవీ చూడని మనిషిని వెతుక్కోమన్నారు. ఈ కాలంలో టీవీ చూడని మనిషి కోసం వెతకడం కంటే లేని పుస్తకం కోసం వెతకడం తేలిక.

ఇంటికొచ్చి బ్యాగు విసిరికొట్టాను. బాపు ఏమైందంటే కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అవ్వ చిక్కుడుకాయలు తుంపుతూ వింటోంది. "నా మాటతోనా బిడ్డా, నీ సదువు ఆగేది?" అంది.

"నీ మాటతో కాదవ్వా, వాళ్ళ రాతతో."

"గా పుస్తకంల ఎట్లున్నది మరి?"

"ఎట్లుంటది? మనోళ్ళు పెద్దోళ్ళను గూడ వాడు, వీడు అంటరని ఉన్నది!" అని అరిచినట్టే చెప్పి లోపలికి పోయాను. వెనక నుంచి బాపు, "నేను ముందే చెప్పిన గదా" అన్నాడు. ఏం చెప్పాడో ఆయనకే తెలియాలి.

మర్నాడు బాపు దుకాణానికి పోయాక అవ్వ నా ముందుకొచ్చి కూర్చుంది. ఈసారి మంచి చీర కట్టుకోలేదు. "పెట్టు నీ ఫోన్" అంది. దేనికి అంటే, "పెట్టు గాని" అంది. పెట్టాను. నేల చూపులు చూస్తూ మొదలుపెట్టింది.

"మా మామ ఉండె. వాడు... వాడు బండి తోలేటోడు. వాడు పొద్దుగాల పోయిండు. మళ్ళ వచ్చిండు. వాడు చెరుకు తెచ్చిండు. తెచ్చి గూట్ల పెట్టిండు." కొంగు మెలిపెట్టింది. "వాడు దగ్గిండు."

అక్కడ ఆగిపోయింది. అప్పటిదాకా నాకు ఆపమనే బుద్ధి కూడా పుట్టలేదు. అవ్వ లేచి, గోడ మీదున్న తాత ఫొటో ముందు నిలబడి, రెండు చేతులతో టపటపా లెంపలు వేసుకుంది. "తప్పైంది మామా, తప్పైంది. బిడ్డ సదువు కోసం అన్న" అంది. మామ ముందు ఎన్నడూ నోరెత్తి మాట్లాడని కోడలు ఆయనతో నేరుగా అన్న మొదటి మాటలు అవేనేమో. నేను వెళ్ళి ఆమెను పట్టుకుని ఏడ్చాను. "ఏడ్సకు. గిట్లుంటే సార్‌కు సరిపోతదా?" అని అడిగింది నన్నే. ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది.

సమీక్ష రోజు ఆ ఫోన్ పట్టుకుని కమిటీ ముందు కూర్చున్నాను. అవ్వ మాట పోగొట్టుకుని వచ్చే డాక్టరేటు నాకొద్దని తేల్చుకునే వెళ్ళాను. ముందు మొదటి రికార్డింగు వినిపించాను. ఒక మేడమ్ నవ్వారు దగ్గు దగ్గర. సార్ మొహం ముడుచుకున్నారు. తర్వాత రెండోది పెట్టాను. 'వాడు' వినపడగానే సార్ ముందుకు వంగారు. "ఇదీ అసలైన వాడుక! గ్రంథంతో అక్షరాలా సరిపోతోంది. ఎక్కడ దొరికారమ్మా ఈవిడ?" అన్నారు.

"అదే మనిషి సార్. మా అవ్వే."

అంతలో ఫోన్‌లోంచి టపటపా చప్పుడు వచ్చింది. "అదేం చప్పుడు?" అన్నారు సార్.

"లెంపలేసుకుంటోంది సార్. నా రిజిస్ట్రేషన్ కోసం మామను వాడు అన్నందుకు." గొంతు పెంచకూడదనుకున్నాను గానీ పెరిగింది. "మా మాటలో మర్యాద ఉందో లేదో మీరే చెప్పండి సార్. ఇంతకన్నా రిఫరెన్సు నా దగ్గర లేదు."

అందరూ 'తప్పైంది మామా' అన్నది కూడా విన్నారు. ఆ మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మొదటిదే ఉంచండి. రెండోది ఎక్కడా పెట్టకండి" అన్నారు. సార్ అలవాటుగా ఫొటో వైపు తిరగబోయారు. అది ఆయన గదిలో ఉంది, ఇక్కడ ఖాళీ గోడే ఉంది. చివరికి సంతకం పెట్టారు. పెట్టి, పక్కన 'రిఫరెన్సులు పెంచాలి' అని రాశారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇంటికి వచ్చేసరికి అవ్వ గుమ్మంలోనే ఉంది. "పాసైనవా బిడ్డా?"

"ఐన అవ్వా."

సంతోషపడింది. వెంటనే మొహం చిన్నబోయింది. "సార్లందరు విన్నరా? నేను మామను గట్లన్నది?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "విన్నరవ్వా."

"థూ! ఇదేం కోడలు అనుకుని ఉంటరు" అని కొంగుతో మొహం కప్పుకుంది.

"నువ్వు లెంపలేసుకున్నది గూడ విన్నరు."

కొంగు తీసి చూసింది. "గది గూడ వచ్చిందా అండ్ల?"

"వచ్చింది."

"అయితే మంచిగైంది" అంది అవ్వ. కళ్ళు తుడుచుకుని, లోపలికి పోతూ మెల్లగా అంది. "మామ గూడ విని ఉంటరు."